మిరపకోతల్లో దొరికిన రేడియో మెరుపు

రేడియో టెలిస్కోపు దగ్గర ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఏమేం కనిపెట్టానో చెప్పమంటే ముందు ట్రాక్టర్ల గురించి చెప్పాలి. తరవాత వెల్డింగ్ షాపులు, అడవిపందులు రాకుండా చేల చుట్టూ లాగే కరెంటు తీగలు, ఒక పెళ్ళి ఊరేగింపు వెనకాల తోసుకొచ్చిన జనరేటరు. ఇవన్నీ మా తెర మీద మొదట ఆకాశం నుంచి వచ్చినట్టే నటించాయి. నిజంగా ఆకాశానికి చెందినవి చాలా తక్కువ. వాటిలో ఒకదాని సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలకి పాఠాల్లో చెప్పని విషయాలు అందులో కొన్ని ఉన్నాయి. నా ప్రమోషన్ల గురించి రాయను. అవి వచ్చినప్పుడు నాకే అంత ఆసక్తిగా అనిపించలేదు.

మేం చూసేదేమిటి

మా టెలిస్కోపు కనిగిరి వైపు మెట్టపొలాల మధ్య ఉంది. టెలిస్కోపు అంటే గొట్టంలో కన్ను పెట్టి చూసేది కాదు. పెద్ద పెద్ద ఇనప డిష్‌లు, వాటి నుంచి లోపలికి వచ్చే తీగలు, ఒక గది నిండా కంప్యూటర్లు. చుట్టూ కంచె. కంచె అవతల ఒక పక్క పత్తి, మిగతా అంతా మిరప. సెల్‌ఫోన్ టవర్లకి దూరంగా ఉన్న చోటు కోసం వెతికి వెతికి అక్కడ కట్టారు. పొన్నూరు వరిపొలాల్లో పెరిగిన నాకు మొదటి ఏడాది ఆ మిరప ఘాటుకి తుమ్ములు ఆగలేదు.

మేం వెతికేవి రేడియో మెరుపులు. ఎక్కడో వేరే గెలాక్సీలో ఏదో జరుగుతుంది. ఏం జరుగుతుందో ఇప్పటికీ ఎవరూ ఖాయంగా చెప్పలేరు. అక్కడి నుంచి రేడియో తరంగాలు ఒక్కసారిగా ఎగిసి, కోట్ల సంవత్సరాలు ప్రయాణం చేసి, రెప్పపాటులో ఏ వందో వంతులోనో మనల్ని దాటిపోతాయి. చాలావరకు ఒక్కసారి మెరిసి మళ్ళీ కనపడవు. కొన్ని మాత్రం కొన్నాళ్ళు మళ్ళీ మళ్ళీ మెరిసి, ఆ తరవాత నెలలకొద్దీ, ఒక్కోసారి ఏళ్ళకొద్దీ ఊరుకుంటాయి. ఈ మళ్ళీ మళ్ళీ మెరిసేవే నా పని. అందులోనూ బాగా మసగ్గా ఉండేవి.

అది దూరం నుంచి వచ్చిందని ఎలా తెలుస్తుందంటే, దారిలో పల్చటి వాయువుల్లోంచి రావాలి కాబట్టి దానిలోని పై ఫ్రీక్వెన్సీలు ముందు చేరతాయి, కింది ఫ్రీక్వెన్సీలు వెనకబడతాయి. తెర మీద అదొక వంకరగీతలా కనిపిస్తుంది. పక్కచేలో మోటారు వేస్తే వచ్చే చిటపట అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒకేసారి వస్తుంది. అది నిలువుగీత. ఇంకో పరీక్ష కూడా ఉంది. ఆకాశంలో ఉన్నదేదైనా, నక్షత్రాల్లాగే, రోజురోజుకీ కాస్త ముందుగా నెత్తిమీదికి వస్తుంది. మనుషులు చేసే చప్పుడు గడియారాన్ని బట్టి వస్తుంది, ఆదివారం సెలవు తీసుకుంటుంది.

పొన్నూరులో బియ్యం వ్యాపారం చేసే మా అన్నయ్య ఒకసారి ఇదంతా ఓపిగ్గా విన్నాడు.

"అది ఎప్పుడొస్తుందో తెలీదు. ఏంటో తెలీదు. వచ్చినా కంటికి కనపడదు. ఇంతకీ నువ్వు పొద్దున్నే వెళ్ళి ఏం చేస్తావే?"

"అనుమానపడతాను."

"అది మీ వదిన ఇంట్లో కూర్చునే చేస్తుంది," అన్నాడు.

డైరెక్టరు గారి దొంగ మెరుపులు

మా డైరెక్టరు పరాంకుశం గారు భారీ మనిషి. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనపడేది కాదు. లెక్కలు ఆయనకి మంచినీళ్ళ ప్రాయం. నేను చూసిన అధికారుల్లో డేటాని అంత జాగ్రత్తగా చదివినవాళ్ళు లేరు. అలాంటి మనిషికి ఒకే ఒక్క సరదా ఉండేది. మమ్మల్ని పట్టుకోవడం.

టెలిస్కోపు నుంచి వచ్చే డేటాలోకి అప్పుడప్పుడు ఒక దొంగ మెరుపుని దూర్చే ప్రోగ్రాం ఒకటి ఆయన గదిలో ఉండేది. తయారుచేసిన వంకరగీత, అసలుదానిలాగే ఉంటుంది. పని చేసేవాళ్ళు నిద్రపోతున్నారా, మెలకువగా ఉన్నారా అని చూడటానికి ఇది మంచి పద్ధతే. లోకంలో చాలాచోట్ల చేస్తారు. కాకపోతే పట్టుకున్నవాళ్ళకి ఆ రోజే నిజం చెప్పేస్తారు. పరాంకుశం గారు తనకి బుద్ధి పుట్టినప్పుడు చెప్పేవారు.

నా పక్క సీట్లో పనిచేసే ఒకాయన ఒకసారి అలాంటి గీతని చూసి నమ్మేశాడు. ఒంగోలు నుంచి మైసూర్‌పాక్ తెప్పించి ఆఫీసంతా పంచాడు. డైరెక్టరు గారు రెండు ముక్కలు తిని, వేళ్ళు తువ్వాలుకి తుడుచుకుని, "నెయ్యి బాగా పడింది. మెరుపు మాత్రం నాది," అన్నారు. మైసూర్‌పాక్ పంచినాయన ఆ ఏడాదే వేరే చోటికి బదిలీ చేయించుకున్నాడు. అప్పటి నుంచి మా గదిలో అందరూ సంతోషం బయటికి చెప్పడం మానేశారు. ఏదైనా కనపడితే ముందు ఆయన మొహం చూసేవాళ్ళం, తరవాత డేటా.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మనుషుల్ని పరీక్షించడం తప్పు కాదు. పరీక్షని ఆనందించే అధికారి దగ్గర మాత్రం నిజం చెప్పేవాళ్ళు తగ్గిపోతారు. ఈ మాట ఆయనతో చెప్పి చూశాను, వినలేదు. అందుకని ఒకసారి నేనే ఒక దొంగ మెరుపు తయారుచేసి, ఆయన చూసే డేటాలో పెట్టాను. ఆయన మధ్యాహ్నం భోజనం మాని దాన్ని కొలిచారు. హైదరాబాదుకి ఫోన్ చేయడానికి లేవబోతుంటే అప్పుడు చెప్పాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత మాట్లాడటం మొదలుపెట్టాక ఇంతకుముందుకంటే మర్యాద పెరిగింది. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ ఏ బాధా లేదు.

ముగ్గురం, ఒక గీత

కరీముల్లా మా దగ్గర పరిశోధన చేసే కుర్రాడు. దాచేపల్లి వాడు. "సిమెంటు దుమ్ములో పెరిగినవాణ్ణి మేడమ్, మసగ్గా ఉన్నవి చూడటం నాకు అలవాటే," అనేవాడు. అది గొప్ప కాదు, నిజమే. కాకపోతే అతని ఫెలోషిప్ ఆ సీజన్‌తో అయిపోతోంది. చెప్పుకోదగ్గది ఒక్కటీ దొరకలేదు. ఇంట్లోవాళ్ళు ఊళ్ళో ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం మాట్లాడి పెట్టారు. పరిశోధన మానేసి వచ్చి చేరమంటున్నారు.

ఒకరోజు పొద్దున అతను నా బల్ల దగ్గరికి వచ్చి, తెర మీద ఒక మూల వేలు పెట్టాడు. చాలా పల్చటి వంకరగీత. చెప్పకపోతే కళ్ళు దాటిపోయేది.

"ఏమంటారు మేడమ్?"

"పరాంకుశం గారి చేతిపని," అన్నాను.

"నేనూ అదే అనుకున్నా."

మర్నాడు ఇంకొకటి వచ్చింది, అదే మూల నుంచి, అదే వంకతో, ఆకాశం లెక్క ప్రకారం కాస్త ముందుగా. డైరెక్టరు గారు ఈసారి ఎక్కువ శ్రద్ధ పెట్టారని నవ్వుకున్నాం. ఏమీ చూడనట్టే ఉందామని ఒప్పందం చేసుకున్నాం. ఆయనకి ఓపిక నశించి తనే అడగాలి, అది చూడాలి అని మా సరదా.

ఆయన అడగలేదు. టీ దగ్గర కూర్చుని, "ఏమైనా కనపడిందా?" అనేవారు. "ఏం లేదు సార్," అనేవాళ్ళం. "నాకూ ఏం లేదు," అనేవారు. ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ టీ తాగేవాళ్ళం. ఇలా కొన్నాళ్ళు గడిచింది. గీతలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

చివరికి ఒక సాయంత్రం ఆయనే మొదలుపెట్టారు.

"సుశీల గారూ, ఈసారి మీ పనితనం మెచ్చుకోవాలి."

"ఏ పనితనం సార్?"

"అదే. వంక చక్కగా కుదిరింది. రోజూ కాస్త ముందుగా వచ్చేట్టు కూడా పెట్టారు. పోయినసారి కంటే చాలా నయం."

నేను కప్పు కింద పెట్టాను. "అది మీది కాదా సార్?"

"నాదెందుకవుతుంది? మైసూర్‌పాక్ తరవాత నేను మళ్ళీ పెట్టనే లేదు. మీరు కదా పెట్టింది?"

ఇద్దరం కరీముల్లా వైపు తిరిగాం. అతని చేతిలో సగం కొరికిన బజ్జీ ఉంది. "నాకు ఆ ప్రోగ్రాం ఎలా తెరవాలో కూడా తెలీదు సార్," అన్నాడు. తరవాత నెమ్మదిగా, "మీ ఇద్దరిదీ కాకపోతే మరి..." అని ఆగిపోయి, బజ్జీ ఉన్న చెయ్యే పైకప్పు వైపు ఎత్తాడు.

పరాంకుశం గారు అంత వేగంగా కుర్చీలోంచి లేవడం నేను మళ్ళీ చూడలేదు.

మురికి పొద్దులు

ఇలాంటి మెరుపులు ఎన్నాళ్ళు వస్తాయో చెప్పలేం. ఇవాళ వచ్చిందని రేపు వస్తుందని లేదు. మేం ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటూ ఎన్ని మంచి రోజులు పోగొట్టామో అప్పటికి మాకు అర్థమైంది. దానికి తోడు మా దగ్గర ఉన్నవన్నీ పల్చటి గీతలు. అది ఆకాశంలో సరిగ్గా ఎక్కడుందో చెప్పగలిగితేనే విదేశంలో ఉన్న పెద్ద టెలిస్కోపు వాళ్ళు తమ డిష్‌ని అటు తిప్పుతారు. వాళ్ళకీ కనపడితేనే లోకం నమ్ముతుంది. అది చెప్పాలంటే శుభ్రమైన డేటా కావాలి.

ఆ మూల ఆకాశం మా నెత్తిమీదికి వచ్చేది పొద్దున పూట. ఆ సీజన్‌లో మా పొద్దున పూట డేటా అంతా మురికి. నిలువుగీతలు చినుకుల్లా పడుతుండేవి. వాటి కింద మెరుపు ఉన్నా ఆనవాలు పట్టలేం. ఆఫీసంతా వెతికాం. పాత ట్యూబ్‌లైట్లు తీయించాం, వంటగదిలో మిక్సీ తీసేయించాం, కాపలావాళ్ళ ఫోన్ ఛార్జర్లు కూడా వదల్లేదు. తగ్గలేదు.

"డ్రోన్," అన్నారు డైరెక్టరు గారు.

కంచె పక్కన చేను కోటేశ్వరమ్మ కౌలుకి తీసుకుంది. ముందు మడిలో కాయ పండి కోతకి వచ్చింది. దిబ్బ అవతల వెనక మడి ఆలస్యంగా వేసింది కాబట్టి ఇంకా పూత మీద ఉంది. దానికి నల్ల తామరపురుగు పట్టింది. అది పూతలో దూరిందంటే చేను మీద ఆశ వదులుకోవడమే. అందుకని ఆవిడ పొద్దున పూట డ్రోన్‌తో మందు కొట్టిస్తోంది. నాలుగు మోటార్లు గాల్లో చిటపటలాడుతూ తిరుగుతుంటే మాకు మురికి కాక ఏముంటుంది అని ఆయన వాదన. మాకూ సబబుగానే తోచింది. మాట్లాడి రమ్మని నన్ను పంపారు.

కోటేశ్వరమ్మ షరతు

నేను వెళ్ళేసరికి కోటేశ్వరమ్మ గట్టు మీద కూర్చుని తన కాళ్ళు తనే పిసుక్కుంటోంది. ఆవిడ మామూలుగా మాట్లాడితే రెండు చేల అవతలికి వినపడుతుంది. విషయం చెప్పాను. పైనుంచి ఒక సంకేతం వస్తోందనీ, పొద్దున పూట డ్రోన్ ఆపితే తప్ప పట్టుకోలేమనీ.

"ఎవురు పంపిస్తన్నారమ్మా?"

"ఎవరూ పంపించడం లేదు. దానంతట అదే వస్తుంది."

"మరి ఎందుకొస్తంది?"

"అదే తెలుసుకోవాలని."

ఆవిడ కాళ్ళు వదిలి నా వైపు తిరిగింది. "ఎవురూ పంపనిది, ఎందుకొస్తందో తెలీంది, దానికోసరం నా చేను పురుగుకి ఇమ్మంటావు."

"సాయంత్రం కొట్టించుకోవచ్చు కదా?"

"సాయంత్రం గాలి లేస్తది. మందంతా పోయి పక్కోడి పత్తిలో పడద్ది. నేను కొన్న మందు, బాగుపడేది వాడా?"

లేవబోతుంటే ఆవిడే అడిగింది. "మీ ఆఫీసులో ఎంతమందుంటారు?"

చెప్పాను.

"ఖాళీగానే ఉంటారుగా?"

కాదని చెప్పబోయి ఆగాను. బయటినుంచి చూసేవాళ్ళకి మేం అలాగే కనపడతాం.

"ఈ ముందు మడి చూడు. పండి ఎర్రగా ఉంది. కూలోళ్ళంతా అవతల పెద్ద రైతుల చేలకి పోయారు. ఒక్క వాన పడిందా, ఇదంతా తాలుకాయే. రంగు పోయిన కాయని ఎవురూ ముట్టుకోరు. మీవోళ్ళని తోలుకురా. పొద్దున పూట మీరు కాయ కొయ్యండి, నేను డ్రోన్ లేపను."

మా డైరెక్టరు గారు ఒప్పుకోరన్నాను. "ఆయనక్కూడా చేతులున్నాయిగా," అంది.

వచ్చి చెబితే పరాంకుశం గారు రూల్సు పుస్తకం తీసి ముందు పెట్టుకున్నారు. ప్రభుత్వం జీతమిచ్చే శాస్త్రవేత్తలు మిరపకాయలు కోయడానికి ఏ నియమం ఒప్పుకుంటుందని అడిగారు. "సెలవు పెట్టి వెళతాం సార్," అన్నాడు కరీముల్లా. అందరికంటే ముందు సెలవు పెట్టింది అతనే.

చేలో డైరెక్టరు

మర్నాడు టెలిస్కోపుని ఆ మూలకి తిప్పి, రికార్డింగ్ దానంతట అది నడిచేట్టు పెట్టి, వీలైనవాళ్ళందరం చేలోకి వెళ్ళాం. డిష్‌ల దగ్గర ఫోన్లు నిషేధం కాబట్టి ఆపేసి వెళ్ళాం. డైరెక్టరు గారు ఆఫీసులోనే ఉండిపోయారు. మధ్యాహ్నానికి నడుములు పట్టేశాయి. వచ్చి డేటా చూస్తే మురికి కొంచెం కూడా తగ్గలేదు.

ఆయనకి కోపం వచ్చింది. "ఆవిడ మిమ్మల్ని కోతకి వాడుకుని డ్రోన్ తిప్పుకుంటోంది. రేపు నేనే వచ్చి చూస్తాను," అన్నారు.

అన్నట్టే మర్నాడు పొద్దున్నే, ఆఫీసు గదికి కూడా వెళ్ళకుండా, నెత్తిన టోపీ పెట్టుకుని నేరుగా చేలోకి వచ్చారు. వచ్చిన మనిషి చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. కోటేశ్వరమ్మ ఆయన ఎవరో అడగలేదు. ఒక బుట్ట తెచ్చి చేతిలో పెట్టింది.

"నేను డైరెక్టర్ని," అన్నారు.

"మంచిదయ్యా. ఆ సాలు నీది. తొడిమతో కొయ్యి, తొడిమ ఊడిన కాయ నాకొద్దు."

మా అందరి ముందు బుట్ట వెనక్కివ్వడం ఆయనకి నామోషీ అనిపించి ఉంటుంది. వంగారు. నిజం చెప్పాలంటే బాగానే కోశారు. డేటా చదివినట్టే ఒక్కొక్క చెట్టునీ కింద నుంచి పైదాకా చూసి, ఒక్క పండుకాయ కూడా వదలకుండా. కోటేశ్వరమ్మ ఆ సాలు చూసి, "ఈయనెవరో పనిమంతుడే," అని మాతో అంది. ఆయన విననట్టు ఉన్నారు గాని చెవులు ఎర్రబడ్డాయి.

అంతలో చెమట కారి, ఆయన చేత్తో కళ్ళు తుడుచుకున్నారు.

మిరపకోతకి వెళ్ళినవాళ్ళకి ఆ తరవాత ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. బుట్ట ఒక పక్క, టోపీ ఒక పక్క. కోటేశ్వరమ్మ పరిగెత్తుకొచ్చి ఆయన్ని గట్టు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని తల పైకెత్తి, తన మజ్జిగ సీసా మొహం మీద వంచింది. "రుద్దబాక, రుద్దబాకయ్యా," అని కసిరింది. మా డైరెక్టరు గారు కళ్ళు మూసుకుని, కనుబొమల నుంచి మజ్జిగ కారుతుంటే, చిన్నపిల్లాడిలా ఆవిడ చెప్పినట్టల్లా విన్నారు. మేం ఎవరం నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డామో మాకే తెలుసు.

ఎవరూ చేయలేదు

మధ్యాహ్నం తిరిగివచ్చాం. ఎన్నిసార్లు సబ్బుతో కడుక్కున్నా వేళ్ళ మంట తగ్గలేదు. కరీముల్లా కీబోర్డుని వేలి కణుపులతో నొక్కుతూ డేటా తెరిచాడు.

శుభ్రంగా ఉంది. ఆ సీజన్ మొత్తంలో అంత శుభ్రమైన పొద్దు మేం చూడలేదు. అందులో వంకరగీతలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఒకటైతే దూరంగా నిలబడినా కనపడేంత స్పష్టంగా ఉంది. కరీముల్లా తెర వైపు చూస్తూనే లేచాడు. కుర్చీ వెనక్కి జరిపి మాకు చోటిచ్చాడు.

పరాంకుశం గారు వాచిన కళ్ళు చికిలించి తెర దగ్గరికి వంగారు. పాత అలవాటు పోలేదు. "ఎవరు పెట్టారు ఇది?" అన్నారు.

"ఎవరు పెడతారు సార్? అందరం చేలో ఉన్నాం," అన్నాను. "మీరూ ఉన్నారు."

ఆయన మా చేతులు చూశారు. అన్నీ ఎర్రగా, వాచి ఉన్నాయి. తన చేతులు కూడా చూసుకున్నారు. దొంగ మెరుపు పెట్టగలిగిన ప్రతి మనిషీ ఆ పొద్దంతా కోటేశ్వరమ్మ కళ్ళ ముందు ఉన్నాడు. అంతకంటే గట్టి సాక్ష్యం మా ఉద్యోగంలో నాకెప్పుడూ దొరకలేదు.

ఆయన కుర్చీలో కూర్చుని, "కరీముల్లా, నీ మెరుపు నిజమైందేనయ్యా," అన్నారు. ఆ కుర్రాడు బయటికి వెళ్ళి వరండాలో నిలబడ్డాడు. వెనకే వెళితే కళ్ళు తుడుచుకుంటున్నాడు. "మిరపకాయ చెయ్యి మేడమ్," అన్నాడు. సరే అన్నాను.

కాయ అయిపోయేదాకా డైరెక్టరు గారితో సహా అందరం రోజూ పొద్దున్నే కోతకి వెళ్ళాం. మెరుపు ఎక్కడుందో లెక్కగట్టి విదేశానికి పంపాం. వాళ్ళు డిష్ తిప్పారు. కొన్నాళ్ళకి ఒకే మెరుపు మాకూ వాళ్ళకీ ఒకేసారి కనపడింది. కరీముల్లా ఫెలోషిప్ పొడిగించారు. ఫ్యాక్టరీ ల్యాబు ఉద్యోగం అతని తమ్ముడికి ఇప్పించారని తరవాత తెలిసింది.

వెనక మడి సంగతి

కోతలు అయిపోయాక కోటేశ్వరమ్మకి కృతజ్ఞతలు చెబుదామని వెళ్ళాను. ఆవిడ మాట మీద నిలబడటం వల్లే ఇదంతా జరిగిందన్నాను. కాయల కుప్ప తిరగేస్తున్న మనిషి ఆగి, నన్ను జాలిగా చూసింది.

"డ్రోను నేనెప్పుడు ఆపానమ్మా?"

"ఆపలేదా?"

"ఒక్కరోజు ఆపలా. ఆపితే వెనక మడి ఉండేదా? దిబ్బ అవతల తిరుగుతానే ఉంది. మీకు వినపడకూడదని అక్కడే ట్రాక్టరు ఆడించా. మీవోళ్ళు ఒక్కడు తలెత్తి చూళ్ళా. రోజూ ఆకాశం చూస్తారని అందరూ అంటారే?"

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. దారంతా ఆలోచిస్తూ వచ్చాను. డ్రోన్ ఎగురుతూనే ఉంటే ఆ పొద్దు డేటా ఎందుకు శుభ్రంగా ఉంది? మొదటి రోజు ఎందుకు లేదు?

కరీముల్లా, నేను కూర్చుని సీజన్ మొత్తం డేటా తీశాం. ఆ మురికి గడియారాన్ని బట్టి వస్తోంది. ఆఫీసు తెరిచాక మొదలవుతుంది. ఆదివారాలు లేదు. డైరెక్టరు గారు హైదరాబాదు వెళ్ళిన రోజుల్లో లేదు. ఆయన చేలో కాయలు కోసిన రోజుల్లో లేదు. డ్రోనూ ట్రాక్టరూ చేసే చిటపట దిబ్బ దాటి మా దాకా రానే లేదన్నమాట. కరీముల్లా నా వైపు చూసి, "మేడమ్, మనం అన్ని గదులూ వెతికాం కదా?" అన్నాడు.

అన్నీ వెతకలేదు. ఏ ఆఫీసులోనైనా తనిఖీ ఒక గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. కొత్తగా వచ్చే పిల్లలు ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు.

తలుపు తట్టి లోపలికి వెళ్ళాను. పరాంకుశం గారు కాగితాలు చదువుకుంటున్నారు. బల్ల కింద ఆయన పాదాలు ఒక పెద్ద యంత్రంలో ఉన్నాయి. అది గుర్రుమంటూ వాటిని పిసుకుతోంది. షుగరు వల్ల కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే ఆ సీజన్ మొదట్లోనే వాళ్ళ అమ్మాయి కొనిపెట్టిందట. ఆ గోడ అవతలే డిష్‌ల తీగలు వచ్చి కలిసే మా రిసీవర్లు.

ఆ యంత్రం వైపు చూసి, గోడ వైపు చూశాను. ఆయన తెలివైన మనిషి. ముందు నా చూపుని వెంబడించారు, తరవాత వంగి ప్లగ్గు పీకేశారు.

"ఎవరెవరికి తెలుసు?"

"నాకూ కరీముల్లాకీ."

"పరిశోధన పత్రంలో దీని గురించి ఏం రాస్తాడు?"

"ఆఫీసు భవనంలో ఒక విద్యుత్ పరికరం వల్ల అని."

"డైరెక్టరు గదిలో అని రాయమనండి," అన్నారు. అలాగే అచ్చయింది. ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో సగం ఆ రోజు కొట్టేశాను. మిగతా సగం అలాగే ఉన్నాయి.

మరుసటి సీజన్

ఏడాది తిరిగింది. ఆ మూల ఆకాశం మళ్ళీ పొద్దున పూటకి వచ్చింది. డిష్‌లు అటు తిప్పాం. కొన్ని రోజులు శుభ్రంగా ఉంది. తరవాత ఒకరోజు మళ్ళీ అవే నిలువుగీతలు. డైరెక్టరు గదికి నేరుగా వెళ్ళి బల్ల కింద చూశాను. ఏమీ లేదు.

"ఆ యంత్రం ఏమైంది సార్?"

"నాకెందుకని ఇచ్చేశాను. పాపం ఎవరికో కాళ్ళ నొప్పులంటే."

ఎవరికో అడగలేదు. కంచె దాటి చేలోకి నడిచాను. కోటేశ్వరమ్మ మంచె పక్కన కొత్తగా కట్టుకున్న రేకుల షెడ్డులో, బోరు మోటారు కరెంటుకి తగిలించుకుని, పాదాలు ఆ యంత్రంలో పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. నా అడుగుల చప్పుడికి కళ్ళు తెరిచింది. నేను ఎందుకొచ్చానో చెప్పనవసరం రాలేదు.

"దీనిక్కూడా మోగుద్దా మీ డబ్బా?"

"మోగుతోంది."

"ఆపమంటే ఆపుతాలే. ఈసారి నిజంగానే ఆపుతా." కాళ్ళు బయటికి తీయలేదు. చేను వైపు గడ్డం ఎత్తి చూపించింది. ఎర్రగా పండి ఉంది. "కోతకి ఎంతమందొస్తారు?"

వెళ్ళాం. డైరెక్టరు గారు కళ్ళద్దాలు కొనుక్కుని మరీ వచ్చారు. ఆవిడ మాట మీద నిలబడింది, డేటా అద్దంలా ఉంది. ఆ సీజన్ మొత్తంలో ఆ మూల నుంచి ఒక్క మెరుపు కూడా రాలేదు. కాయ మాత్రం తొడిమ ఊడకుండా కోశాం.